వెబ్ చిరునామాలలో విశేష చిహ్నములు: స్క్రిప్టుల మూలమున నిఘంటుశోధన

ఒక పదము నిఘంటువులో ఉన్నదని చెప్పుట కంటె లేదని చెప్పుట కష్టతరము. ఉన్నదనుటకు ఒక్క పుట చూపిన చాలును. లేదనుటకు గ్రంథమంతయు వెదకవలెను. భాషాచరిత్రలో అనేక సిద్ధాంతములు ఈ 'లేదు' అను మాట మీదనే నిలిచియున్నవి. ఒక రూపము ఒక భాషలో కానరాదనుట, దాని సోదరభాషలో మాత్రమే నిలిచినదనుట, ఎరవు పదమనుట, ఇవన్నియు అభావ నిరూపణమును ఆశ్రయించిన వాదములే. కావున ఆ 'లేదు' ఎచ్చటనుండి వచ్చినదో పరిశీలించుట అవసరము.

నేడు నిఘంటుశోధన చాలవరకు యంత్రము మీద సాగుచున్నది. 1903 నాటి బ్రౌను నిఘంటువు, 1991 లో వెలువడిన గ్విన్ నిఘంటువు, బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు రెండవ కూర్పు (1984) చికాగో విశ్వవిద్యాలయము వారి దక్షిణాసియా డిజిటల్ నిఘంటువులలో లభించుచున్నవి. ఆంధ్రభారతి జాలస్థలమున పలు తెలుగు నిఘంటువులను ఒక్కసారిగా వెదకవచ్చును. పదిమాటలు వెదకువారు వానిని చేతితో టైపు చేసి చూతురు. అయిదువందల మాటలు వెదకవలసినవారు ఆ మాటలను ఒక ఫైలులో వరుసగా వ్రాసి, ఒక్కొక్క మాటతో ఒక్కొక్క వెబ్ చిరునామాను కల్పించి బ్రౌజరునకు గాని సర్వరునకు గాని అందించు చిన్న స్క్రిప్టును, అనగా ఆదేశపాఠమును, వ్రాసికొందురు. వచ్చిన సమాధానములు పట్టికలోనికి ఎక్కును. ఆ పట్టికలోని 'లేదు' లలో కొన్ని నిఘంటువు చెప్పినవి కావు. అడిగిన మాట నిఘంటువును చేరకయే, దారిలో మరియొక మాటగా మారిపోయి, ఆ మారిన మాటకు వచ్చిన సమాధానములవి.

ఈ మార్పు ఎట్లు కలుగునో తెలియుటకు ముందు చిరునామా స్వరూపమును గుర్తింపవలెను. వెబ్ చిరునామా వ్రాతవలె కనబడును గాని అది వాక్యము కాదు, సూత్రము. 1994 లో బర్నర్స్-లీ ప్రభృతులు దీనికి నియమములను క్రోడీకరించిరి. 2005 జనవరిలో అవి సంస్కరింపబడి, ఆర్‌ఎఫ్‌సీ 3986 అను పత్రముగా వెలువడి నేటికిని ప్రమాణముగా నున్నవి. ఆ నియమముల ప్రకారము ఎట్టి శంకయు లేక చిరునామాలో వాడదగిన గుర్తులు 66 మాత్రమే: రోమను అక్షరములు పెద్దవి 26, చిన్నవి 26, అంకెలు 10, చిన్న గీత, చుక్క, అడుగు గీత, అలగీత. మరి 18 గుర్తులు ప్రత్యేకింపబడినవి. ప్రశ్నార్థకము, వాలుగీత, హాష్ గుర్తు (#), కూడిక గుర్తు, సమీకరణ గుర్తు, నక్షత్రము, 'అండ్' గుర్తు (&) మొదలైనవి ఈ వర్గములోనివి. (చివరిదానికి తెలుగులో స్థిరమైన పేరింకను ఏర్పడలేదు. ఆంపర్‌సాండ్ అని పలుకువారు కొందరు, అండ్ గుర్తు అనువారు పెక్కురు.) ఈ 18 గుర్తులు చిరునామా భాగములను విడదీయు పనికి నియమితములు. తెలుగు అక్షరములు ఈ రెండు వర్గములలోను లేవు. దేవనాగరి గాని, బంగ్లా గాని, తమిళము గాని లేవు.

వ్యాకరణశాస్త్రము నెరిగినవారికి ఈ విభాగము కొత్త కాదు. పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ తృతీయ పాదమున కొన్ని వర్ణములకు ఇత్‌సంజ్ఞను విధించి వానికి లోపము చెప్పినాడు. అట్టి వర్ణము ఉచ్చారణమునకు కాదు, కార్యమును సూచించుటకు. ఒకే ణకారము ఒకచోట శబ్దములోని వర్ణము, మరియొకచోట సంజ్ఞ. మాహేశ్వర సూత్రములలో మొదటిదాని చివరను, ఆరవదాని చివరను ణకారమే ఇత్తుగా నుండుటచే అణ్, ఇణ్ అను ప్రత్యాహారములలో ఏ ణకారము గ్రాహ్యమను సందేహము పుట్టెను. దానిని వ్యాఖ్యాతలు వ్యాఖ్యానముచే తీర్చిరి. వెబ్ చిరునామాలో పుట్టు సందేహము సరిగా ఇట్టిదే: ఈ కూడిక గుర్తు మాటలోనిదా, సంజ్ఞయా? అయితే యంత్రమునకు పతంజలి లేడు. సంజ్ఞగా తీసికొనదగిన చోట అది ప్రతి గుర్తును సంజ్ఞగానే తీసికొనును, సందేహించినట్లు కూడ తెలుపదు.

సంజ్ఞను వర్ణముగా పంపదలచినపుడు దానికి మారువేషము వేయవలెను. ఆ వేషమే శాతచిహ్న సంకేతనము. గుర్తు యొక్క సంకేతసంఖ్యను పదునారు అంకెల గణనములో రెండు స్థానములుగా వ్రాసి, ముందు శాతము గుర్తు నుంచుదురు. ఆ గణనములో పదికి పైబడిన అంకెలకు వాడు ఆరు రోమను అక్షరములు ఇచట ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అని తెలుగులో వ్రాయబడినవి. ఆ విధముగా ఖాళీ %20, హాష్ %23, అండ్ గుర్తు %26, కూడిక %2బి, ప్రశ్నార్థకము %3ఎఫ్ అగును. శాతము గుర్తే మాటలో నున్నచో అది %25 కావలెను.

తెలుగు అక్షరమునకు పని మరింత దీర్ఘము. యూనికోడులో త వర్ణము సంఖ్య 0సి24. కెన్ థాంప్సన్, రాబ్ పైకులు 1992 లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ సంఖ్య మూడు బైట్లుగా విడిపోవును: ఇ0, బి0, ఏ4. ఒక్కొక్క బైటునకు మూడేసి గుర్తులు. 'తెలుగు' అను మాట కంటికి మూడక్షరములు, గుణింతపు గుర్తులను వేరుగా లెక్కించు యూనికోడునకు ఆరు, బైట్లుగా పదునెనిమిది, చిరునామాలో యేబదినాలుగు గుర్తులు. బ్రౌజరు తన చిరునామా పట్టీలో దీనిని తిరిగి తెలుగుగా చూపుచుండుటచే ఈ దీర్ఘరూపము సాధారణముగా కంటబడదు. చిరునామాను ప్రతి తీసి మరియొక చోట అతికించినపుడు ఆ శాతము గుర్తుల దండు బయటపడును. సిద్ధాంతవ్యాసముల అధోజ్ఞాపికలలో రెండు మూడు పంక్తులాక్రమించు చిరునామాలు ఇట్టివే. (చిరునామాలో స్థలనామ భాగమునకు ఈ నియమము వర్తింపదు. '.భారత్' వంటి తెలుగు స్థలనామములు వేరొక పద్ధతిలో రోమను అక్షరములుగా మారును. దారి, ప్రశ్న అను భాగములకే శాతచిహ్నములు.)

భాషాశాస్త్రజ్ఞులకు ఇచట ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఇతరుల కంటె వారి పదపట్టికలలోనే ఈ విశేష చిహ్నములు అధికముగా నుండును. పునర్నిర్మిత రూపమునకు ముందు నక్షత్రము, సందేహాస్పద రూపమునకు ప్రశ్నార్థకము, పదసీమకు హాష్, పదానుబంధ (క్లిటిక్) సీమకు సమీకరణ గుర్తు, పాఠాంతరముల నడుమ వాలుగీత, సంధి విడదీసిన చోట కూడిక గుర్తు వాడుట ఆ శాస్త్ర సంప్రదాయము. ఆ శాస్త్రము తన సంజ్ఞలకు ఏరుకొన్న గుర్తులును, చిరునామా నియమకర్తలు తమ సంజ్ఞలకు ఏరుకొన్న గుర్తులును దాదాపు ఒక్కటే యైనవి. రెండును టైపురైటరు మీటల మీద దొరకిన కొద్ది గుర్తులతోనే పని గడుపుకొనవలసివచ్చుట ఇందుకు కారణము కావచ్చును.

వీనిలో మిక్కిలి మోసకరమైనది కూడిక గుర్తు. వెబ్ పుటలలో పూరించు పత్రముల నుండి వచ్చు ప్రశ్నభాగములో ఖాళీకి బదులుగా కూడిక గుర్తును వ్రాయుట తొలినుండియు ఆచారము. కావున సర్వరు ప్రశ్నభాగములో కూడిక గుర్తును చూచిన వెంటనే దానిని ఖాళీగా చదువును. ఒక పరిశోధకుడు 'వాఁడెవఁడు' వంటి రూపములలో సంధి జరిగిన సందర్భములను గ్రంథసంచయములో లెక్కింపదలచి, తన పట్టికలో 'వాఁడు+ఎవఁడు' అని వ్రాసికొన్నాడనుకొనవచ్చును. స్క్రిప్టు దానిని ఉన్నదున్నట్లు చిరునామాలో చేర్చిన యెడల సర్వరునకు అందునది 'వాఁడు ఎవఁడు' అను రెండు విడిమాటలు. సర్వరు సంధి లేని ప్రయోగములను లెక్కించి పంపును. ఆ లెక్క పట్టికలో సంధి ఉన్న గడిలో చేరును. ఫలితము శూన్యమైనచో పరిశోధకునకు అనుమానమైనను కలిగెడిది; ఇచట మంచి సంఖ్యయే వచ్చును, కాని అది తారుమారైన సంఖ్య. సంధి వైకల్పికమా నిత్యమా అను చర్చకు ఇట్టి సంఖ్య ఆధారమైన యెడల దాని పర్యవసానము చెప్పనక్కరలేదు. %2బి అని పంపినచో సర్వరు కూడిక గుర్తునే చూచును. అప్పుడు గ్రంథసంచయములో ఆ గుర్తు లేకపోవుటచే 'లేదు' అనును, పరిశోధకుడు తన ప్రశ్నను సరిదిద్దుకొనును.

హాష్ గుర్తు ప్రవర్తన వేరు. చిరునామాలో హాష్ తరువాతి భాగము పుటలోని ఒక స్థానమును సూచించునది. బ్రౌజరు దానిని తనయొద్దనే ఉంచుకొని సర్వరునకు పంపదు. పదసీమను సూచించుటకు '#కల్' అని వ్రాసినచో సర్వరునకు అందునది శూన్యము. 'కల్#' అని వ్రాసినచో 'కల్' మాత్రమే అందును, సీమ నిబంధన పోవును. ప్రశ్నార్థకము దారి భాగములో వచ్చినచో అచ్చటనుండి ప్రశ్నభాగము మొదలైనట్లగును. వాలుగీత దారిని రెండుగా చీల్చును. దానిని %2ఎఫ్ గా మార్చినను, భద్రతా కారణములచే అట్టి చిరునామాను నిరాకరించు సర్వరులు కొన్ని కలవు. పాఠాంతరములను వాలుగీతతో కలిపి ఒక్క ప్రశ్నగా పంపుట కంటె రెండు ప్రశ్నలుగా విడదీయుటయే మేలు.

ఇంతవరకు చెప్పినది చిరునామాను చదువు సర్వరు సంగతి. స్క్రిప్టు ద్వారా చిరునామాను ప్రయోగించునపుడు సర్వరు కంటె ముందుగా దానిని చదువు మరియొక పాఠకుడు కలడు. అది ఆదేశములను గ్రహించు షెల్. దానికి తన సంజ్ఞలు వేరుగా కలవు. యూనిక్సు కుటుంబపు షెల్‌లో అండ్ గుర్తు ఒక ఆదేశము ముగిసినదనియు, దానిని వెనుకనుంచి నడుపవలెననియు సూచించును. ఒక చిరునామా ప్రశ్నభాగములో మొదట మాట, తరువాత అండ్ గుర్తు, పిదప ఏ నిఘంటువులో వెదకవలెనో తెలుపు భాగము ఉన్నవనుకొనవచ్చును. ఉల్లేఖ చిహ్నములు లేకుండ ఆ చిరునామాను వ్రాసినచో షెల్ అండ్ గుర్తు వరకే బ్రౌజరునకు అందించును. మిగిలిన భాగము 'పేరు = విలువ' ఆకారములో నుండుటచే షెల్ దానిని ఒక చరరాశికి విలువ నిచ్చుటగా అర్థము చేసికొని, ఏ దోషమును ప్రకటింపక ఊరకుండును. పుట తెరచుకొనును, మాట కనబడును, అర్థమును కనబడును. అయితే వెదకినది కోరిన నిఘంటువు కాక, సర్వరు తనంతట ఏర్పరచుకొన్న నిఘంటువు కావచ్చును. గ్విన్ లో ఉన్నదని వ్రాసిన ప్రయోగము వాస్తవముగా బ్రౌనులోనిది కాగలదు. రెంటికి నడుమ ఎనుబది యేండ్లకు పైబడిన అంతరము.

నివారణము సులభము: చిరునామా మొత్తమును ఒంటి ఉల్లేఖ చిహ్నముల నడుమ నుంచవలెను. జంట ఉల్లేఖములలో డాలరు గుర్తు మొదలైన కొన్ని సంజ్ఞలు ఇంకను జీవించియే యుండును. ఒంటి ఉల్లేఖములలో ఏదియు జీవించదు.

విండోసులో చిక్కు ఇంకొక రూపము దాల్చును. అచ్చట బ్యాచి ఫైలులో శాతము గుర్తే సంజ్ఞ. రెండు శాతము గుర్తుల నడుమ నున్నది ఒక చరరాశి పేరని భావించి, అట్టి చరరాశి లేనిచో ఆ భాగమును శూన్యముచే పూరించును. 'తెలుగు' అను మాటలోని 'తె' మాత్రము చూడుడు. దాని సంకేతరూపము %ఇ0%బి0%ఏ4%ఇ0%బి1%86. బ్యాచి ఫైలు ఇందులో %ఇ0%, %ఏ4%, %బి1% అను మూటిని చరరాశులుగా గ్రహించి తుడిచివేయగా బి0, ఇ0, 86 అను మూడు తునుకలు మిగులును. ఆ తునుకలు మరల ఏ అక్షరమును కావు. అది గాక శాతము గుర్తు వెంబడి అంకె వచ్చినచోట దానిని స్క్రిప్టునకు అందిన వాదముగా తీసికొనును. తప్పించుకొను మార్గము ప్రతి శాతము గుర్తును రెట్టించి %% అని వ్రాయుట. ఇందులో పరిశోధకుని మిగుల కలవరపెట్టు విశేష మొకటి కలదు. ఇదే చిరునామాను ఆదేశపు కిటికీలో చేతితో టైపు చేసినచో చెడదు, ఏలయన అచ్చట లేని చరరాశిని యంత్రము తుడువక యథాతథముగా విడిచిపెట్టును. చేతితో పరీక్షించినపుడు సరిగా నడచి, ఫైలులో పెట్టినపుడు చెడు స్క్రిప్టులకు పలుమార్లు ఇదియే కారణము. 'స్టార్ట్' అను ఆదేశముతో చిరునామాను తెరచునపుడు మరియొక సూక్ష్మమును గమనింపవలెను. ఆ ఆదేశము తనకు అందిన మొదటి ఉల్లేఖమును కిటికీ శీర్షికగా తీసికొనును. కావున చిరునామాకు ముందు ఒక శూన్యోల్లేఖము నుంచుట ఆచారము.

ఈ విధముగా ఒకే చిరునామాకు ముగ్గురు పాఠకులు: షెల్, బ్రౌజరు, సర్వరు. ప్రతివారికిని తమ తమ సంజ్ఞలు. ఎవరి సంజ్ఞకు ఎచ్చట వేషము వేయవలెనో అచ్చట, ఒక్కసారి మాత్రమే వేయవలెను. మొదటినుండి చివరి వరకు చిరునామాకంతకు ఒకేసారి సంకేతనము చేయుట తరచుగా జరుగు దోషము. అప్పుడు భాగములను విడదీయవలసిన వాలుగీతలును ప్రశ్నార్థకమును కూడ వేషము ధరించి, చిరునామా చిరునామాయే కాకుండపోవును. దీనికి జంకి, మాటలోని సంజ్ఞలను విడిచిపెట్టి తక్కినవానిని మాత్రము మార్చు సాధనమును వాడుట రెండవ దోషము. జావాస్క్రిప్టులో ఈ రెండు పనులకు రెండు వేర్వేరు సాధనములు కలవు. ఎన్‌కోడ్ యూఆర్‌ఐ అనునది పూర్తి చిరునామాకు తగినది. అది అండ్ గుర్తును, కూడిక గుర్తును, హాష్‌ను ముట్టదు. ఎన్‌కోడ్ యూఆర్‌ఐ కాంపొనెంట్ అనునది ఒక్క భాగమునకు తగినది. అది వానిని మార్చును. పేర్లలోని సాదృశ్యముచే మొదటిదానిని మాటకు పొరపాటున వాడుట కలదు. తెలుగు అక్షరములను రెండును సమానముగా మార్చుటచే, విశేష చిహ్నమున్న మాట తగులు వరకు ఆ దోషము బయటపడదు. ఎస్కేప్ అను పాత సాధనము తెలుగు అక్షరములకు ప్రమాణవిరుద్ధమైన వేరొక రూపము నిచ్చును, దానిని వాడరాదు.

మూడవ దోషము ద్విరుక్త సంకేతనము. పట్టికలోని మాట ఇదివరకే శాతచిహ్న రూపములో నున్నపుడు స్క్రిప్టు దానికి మరల సంకేతనము చేసినచో %ఇ0 అనునది %25ఇ0 అగును. సర్వరు ఒక్కసారి విప్పి, లోపల తెలుగునకు మారుగా శాతము గుర్తులను చూచి, అట్టి మాట లేదనును. చిరునామాలో %25 అను తునుక పదేపదే కనబడుట ఈ వ్యాధికి లక్షణము.

చిరునామా నిర్దుష్టముగా అందినను తప్పు సమాధానము వచ్చు సందర్భములు కొన్ని మిగిలియున్నవి. ఇవి భారతీయ లిపులకు ప్రత్యేకములు. తెలుగు ఐత్వము యూనికోడులో ఒకే గుర్తుగా వ్రాయవచ్చును. ఎత్వము, దాని క్రింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగాను వ్రాయవచ్చును. కంటికి 'కైత' ఒక్కటే. చిరునామాలో ఆ గుణింతపు గుర్తు తొమ్మిది గుర్తులుగా నైనను, పదునెనిమిది గుర్తులుగా నైనను ఉండవచ్చును. తమిళ కన్నడములలోని ఒత్వమునకు ఇట్టి ద్వైరూప్యమే కలదు. యూనికోడు నిర్ణయించిన సామాన్యరూపములలో 'ఎన్‌ఎఫ్‌సీ' అనునది వీనిని ఒకటిగా కలుపును. బంగ్లాలో డకారము క్రింద చుక్కగల అక్షరమునకు ఇదే సామాన్యరూపము విపరీతమైన పని చేయును: ఒకటిగా నున్నదానిని రెండుగా విడదీయును. అక్షరము లన్నియు దగ్గరకు చేరునని తలచి నియమమును స్వయముగా ఊహించువారు అచ్చట పొరపడుదురు. మలయాళ చిల్లక్షరముల సంగతి మరింత క్లిష్టము. 2008 నాటి యూనికోడు 5.1 లో వానికి స్వతంత్రమైన స్థానములు లభించినవి. అంతకు ముందు హల్లు, చంద్రకల, అదృశ్య సంయోజకము అను మూటితో వ్రాసెడివారు. ఈ రెండు రూపములను ఏ సామాన్యరూపమును కలుపదు. కావున మలయాళ పదములను వెదకువారు రెండు రూపములతోను వెదకవలసియున్నది.

తెలుగులో అదృశ్య వియోజకము ఇట్టి బాధ కల్పించును. 'సాఫ్ట్‌వేర్' వంటి ఎరవు మాటలలో పొల్లును విడిగా చూపుటకై టకారపు పొల్లు తరువాత ఈ అదృశ్యాక్షరమును చేర్చుదురు. చిరునామాలో అది %ఇ2%80%8సి అను తొమ్మిది గుర్తులు. కొందరు దీనిని చేర్చి, కొందరు చేర్చక టైపు చేయుదురు. పదాంతమున పొల్లు వచ్చినపుడు కొన్ని కీబోర్డు పద్ధతులు దీనిని తమంతట చేర్చును. ఆ కొన యందలి అదృశ్యాక్షరము పరిశోధకునకు కనబడదు, నిఘంటువునకు కనబడును.

పదపట్టిక ఫైలే మరికొన్ని అదృశ్యాక్షరములను మోసికొనివచ్చును. కొన్ని సాధనములు ఫైలు మొదట ఇఎఫ్, బిబి, బిఎఫ్ అను మూడు బైట్ల గుర్తును చేర్చును; అప్పుడు పట్టికలో మొదటి మాట మాత్రమే 'లేదు' అని వచ్చి తక్కినవన్నియు దొరకును. విండోసులో తయారైన ఫైలును యూనిక్సు షెల్ పంక్తి వెంబడి పంక్తిగా చదివినపుడు ప్రతి మాట చివర %0డి చేరవచ్చును. అప్పుడు ఒక్క మాటయు దొరకదు. ఇది అందరికిని వెంటనే తెలియునట్టి దోషమగుటచే అపాయకరము కాదు. అపాయము మొదటి రకము వలననే. అయిదువందల మాటలలో ఒక్క 'లేదు' ఎవరిని కలవరపెట్టును?

కావున పట్టికను నడుపుటకు ముందు పరీక్షాపదములను కొన్నిటిని పంపుట పద్ధతిగా పెట్టుకొనవలెను. ఐత్వమున్న మాట, అరసున్న మాట, ఖాళీ యున్న సమాసము, పొల్లుతో ముగియు ఎరవు మాట, ఇవి నిఘంటువులో ఉన్నవని అచ్చుప్రతిలో చూచి నిశ్చయించుకొన్నవై యుండవలెను. వానిని స్క్రిప్టు ద్వారానే పంపవలెను. చేతితో పంపి చూచుట పరీక్ష కానేరదని పై బ్యాచి ఫైలు ఉదాహరణము తెలుపుచున్నది. కూడిక, హాష్ గుర్తులున్న నిఘంటుపదము సాధారణముగా దొరకదు గనుక, వానికి స్క్రిప్టు కల్పించిన చిరునామాను తెరువక ఫైలులో వ్రాయించి, మరల విప్పి, మూలమాటతో సరిపోల్చవలెను. పట్టికలోని ప్రతి మాటకు ఇట్లు చేయుటకు స్క్రిప్టులో రెండు పంక్తులు చాలును. పట్టికలో నక్షత్రము, ప్రశ్నార్థకము మొదలైన శాస్త్రసంజ్ఞలను మాటతో కలిపి ఒకే గడిలో వ్రాయక, వేరొక గడిలో వ్రాసికొన్నచో సగము చిక్కు పుట్టనే పుట్టదు.

ఇతరుల నుండి వచ్చిన పదపట్టికల విషయములో ఇంకొక జాగ్రత్త అవసరము. స్క్రిప్టు మాటను అతికించి ఒక దీర్ఘమైన ఆదేశపంక్తిని కూర్చి షెల్‌కు అప్పగించునదైనచో, ఆ మాటలో అర్ధవిరామ చిహ్నమో, డాలరు గుర్తుతో కూడిన కుండలీకరణమో ఉన్నపుడు మిగిలిన భాగము ఆదేశముగా నడచును. అది ఫైళ్లను తుడిచివేయు ఆదేశమైనను నడచును. పైథాను వంటి భాషలలో మాటకు మొదట 'కోట్' సాధనముచే, వాలుగీత యందలి మినహాయింపును తొలగించి, సంకేతనము చేసి, చిరునామాను షెల్ చేతికీయక విడి వాదముగా బ్రౌజరునకు అందింపవచ్చును. అట్లు చేసినచో షెల్ అను నడుమ పాఠకుడే తొలగిపోవును.

పరిశోధనపత్రములలో 'లేదు' అను ఫలితమును ప్రకటించునపుడు ఏ చిరునామాను, ఏ తేదీన, ఏ సామాన్యరూపములో పంపినదియు అనుబంధములో చేర్చుట మంచిది. ఆ చిరునామాను శాతచిహ్న రూపములోనే ఇయ్యవలెను. తెలుగు లిపిలో అచ్చువేసిన చిరునామానుండి ఐత్వము ఒకటిగా పోయినదో రెండుగా పోయినదో చదువరి తెలిసికొనలేడు. పంక్తి చివర దానిని విరుగగొట్టునపుడు చిన్న గీత చేర్చరాదు, ఏలయన చిరునామాలో అదియు ఒక అక్షరమే.